మోత ఆగాకే మాట

వరద నీళ్లు వీధిలో ప్రతి ఇంటి గోడ మీదా నడుమెత్తున మట్టి గీత గీసి పోయిన పదహారో ఏడు అది. ఎవరెన్నిసార్లు సున్నం వేసుకున్నా వానాకాలంలో ఆ గీత మళ్లీ పైకి తేలేది. రేకు పెట్టెలు చేసే ఆ ఇంటివాళ్లు మాత్రం వెనక షెడ్డు గోడకి సున్నమే వెయ్యలేదు. పెద్దాయన వెయ్యనివ్వలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన్ని అడిగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు, చెప్పే అలవాటు ఆయనకీ లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటప్పుడు ఆ ఇంటి పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, మడత పెట్టిన కాగితం తల్లి చేతిలో పెట్టి, గోడకి చేరగిలబడిపోయింది. తల్లి తడిచేతులు గుడ్డకి తుడుచుకుని కాగితం విప్పింది. కళ్లు బాగున్నాయి. గుండె బాగుంది. ఊపిరితిత్తులు బాగున్నాయి. వినికిడి... సరిగా లేదు! పైలట్ శిక్షణకు పనికిరాదు! కింద ఒక సంతకం, దాని మీద గుండ్రటి ముద్ర.

"అయిపోయిందమ్మా..." అంది పిల్ల. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది!

ఆ కాలేజీలో విమానం నడపడం నేర్పే కోర్సు పెట్టి నాలుగేళ్లయింది. డిగ్రీ చేతికొచ్చేనాటికి కమర్షియల్ పైలట్ లైసెన్సు కూడా వస్తుంది. ఏటా ఇరవై మందినే తీసుకుంటారు. ముందు రాత పరీక్ష, ఆ తర్వాత నలుగురి ముందు కూర్చుని మాట్లాడే పరీక్ష, చివరికి డాక్టర్ల పరీక్ష. రెండేళ్లు ఆ పిల్ల పెట్టెల మీద పుస్తకాలు పరుచుకుని చదివింది. రాతలో ఆరో స్థానం తెచ్చుకుంది! ఆ నలుగురూ "విమానమే ఎందుకమ్మా?" అని అడిగితే, "మా షెడ్డు పైకప్పు రేకండి. విమానం వస్తోందని అందరికంటే ముందు దానికి తెలుస్తుంది, రెండోది నాకు తెలుస్తుంది" అందట. నలుగురూ నవ్వారట. అలాంటి పిల్లకి చెవులు లేవట! చదివే తల్లులే చెప్పాలి, కడుపు రగిలిపోదా?

ముందుగదిలో ఆడపడుచు టీ తాగుతోంది. ఇంటాయనకి అక్కగారు. రెండిళ్ల అవతల ఉంటుంది, రోజూ మూడింటికి వచ్చి, టీ తాగి, ఆ ఇంటి మంచిచెడ్డలన్నీ చూసి వెళుతుంది. తాగిన గ్లాసు ఎక్కడ తాగితే అక్కడే ఉంటుంది.

"ఏంటే మేకూ, ఆ కాగితం?" అని అడిగింది. సన్నగా నిటారుగా ఉంటుందని చిన్నప్పుడు పెద్దాయన, దాని తాతయ్య, పెట్టిన పేరు అది. ఇంట్లో అందరికీ ఆ పిల్ల మేకే.

తల్లి చదివి వినిపించింది. దాచి ఏం లాభం?

"అయ్యయ్యో! నేను ముందే చెప్పలేదూ? పొద్దస్తమానం రేకులు కొట్టే ఇంట్లో పుట్టినదానికి చెవులెక్కడినుంచి వస్తాయి? కింద నుంచి వాళ్లు కుడికి తిరగమంటే ఇది 'ఏంటీ, మళ్లీ చెప్పండీ' అనేది. ఎక్కినవాళ్లంతా ఏ కొండ మీదో తేలేవాళ్లు! జనం అదృష్టం బాగుంది."

"దానికి చెవులు బాగానే ఉన్నాయి వదినా."

"నువ్వన్నావు, ముద్రేసినవాడు కాదన్నాడు. ఎవరి మాట నమ్మమంటావు?"

వాకిట్లో పెట్టెలమ్మే కొట్టు నుంచి ఇంటాయన లోపలికొచ్చాడు. కాగితం చేతిలోకి తీసుకుని ఒకసారి చూశాడు. ముఖంలో బాధ ఉంటుందేమోనని భార్య వెతికింది. లేదు! అరవై కిలోల పెట్టె భుజం మీంచి దింపుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

"పోనీలే. ఒక గోల వదిలింది. మేకూ, రేపటి నుంచి కొట్లో కూర్చో. నాకు కాస్త నడుము వాల్చే తీరిక దొరుకుతుంది."

ఆ మాట విన్నాక పిల్ల కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. తల్లి కాగితం వెనక తిప్పి చూసింది. చిన్న అక్షరాల్లో నాలుగు వరుసలున్నాయి. అభ్యంతరం ఉంటే రేపు మధ్యాహ్నం పన్నెండులోగా తండ్రి గానీ ఇంటి పెద్ద గానీ ఆసుపత్రికి వచ్చి, కారణం రాసి సంతకం చెయ్యాలి. లేకపోతే సీటు తర్వాతి వరసలో ఉన్నవారికి పోతుంది. తండ్రి గానీ, ఇంటి పెద్ద గానీ... తల్లి అన్న మాట ఎంత వెతికినా లేదు! కని, పెంచి, జ్వరమొస్తే మూడు రాత్రులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ కాగితం మీద వేలెడు చోటు లేదు!

వెనక షెడ్డులో మాత్రం పెద్దాయన సుత్తి మోగుతూనే ఉంది. ఠంగు... ఠంగు... ఠంగు... ఆ మోతలో పిల్ల వచ్చిన సంగతి కూడా ఆయనకి తెలియదు. వెళ్లి చెప్పడానికీ వీల్లేదు. ఆ ఇంట్లో పదహారేళ్లుగా ఒకటే కట్టడి: సుత్తి మోగుతున్నంతసేపు ఎవరూ నోరెత్తకూడదు. పిలిచినా, అడిగినా, పలికినా, మోత ఆగాకే మాట!

ఆ కట్టడి ఆయన కోడలైన ఈ తల్లి వల్లే వచ్చిందని వీధి వీధంతా చెప్పుకుంటుంది. వరద తీసిన నాలుగో రోజు, పెద్దాయన దాగలి ఇనుపదిమ్మ మీద రేకు అంచు మడుస్తున్నాడు. సుత్తి పైకి లేచింది. సరిగ్గా అప్పుడే కోడలు గుమ్మంలోంచి "మామయ్యా!" అని కేక పెట్టింది. ఆయన తలెత్తాడు. సుత్తి దిగింది. ఎడమ చేతి చూపుడు వేలు, నడిమి వేలు నుజ్జయిపోయాయి. ఆసుపత్రిలో రెండూ తీసేశారు. "ఎందుకు పిలిచావే?" అని అత్తగారు బతికున్నన్నాళ్లూ అడిగింది. కోడలు ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. టీ తాగుతారా అని అడగడానికి పిలిచిందట అని ఆడపడుచు అంది. అదే నిలిచిపోయింది. టీ కోసం మామగారి వేళ్లు తీసేసిన కోడలు! పెళ్లిళ్లలో, చావుల్లో, కొత్తవాళ్లకి ఆమెని అలాగే చూపించారు. ఆమె తల వంచుకుని వడ్డించింది.

వంటింట్లో పిల్ల నీళ్ల బిందె పక్కన చతికిలబడి ఉంది. తల్లి ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పు మేకూ. నీకు వినపడలేదా?"

"అన్నీ వినపడ్డాయమ్మా! ఈగ రొదలాంటివి కూడా వినపడ్డాయి. చెవులకి గుబ్బలు పెట్టారు, చేతికి మీట ఇచ్చారు. మోత వినపడితే నొక్కమన్నారు. ప్రతిదానికీ నొక్కాను. ఒక్కటి కూడా వదల్లేదు... అయినా పరీక్ష చేసే ఆవిడ తల అడ్డంగా ఊపుతూ రాసుకుంటూనే ఉంది."

తల్లికి ఏమీ అర్థం కాలేదు. ఈ పిల్ల చెవి సంగతి ఆమెకి తెలియదా? పెట్టె తయారయ్యాక పెద్దాయన మూత మీద గరిటెతో తట్టి, "ఏం మేకూ?" అంటాడు. "కుడి నుంచి మూడో రివెట్ వదులు తాతయ్యా" అంటుంది పిల్ల. చూస్తే అదే వదులుగా ఉంటుంది! అలాంటి చెవికి...

"ఎలా నొక్కావో చూపించు" అంది. ఎడమ అరచెయ్యి చాపింది. "ఇదే మీట అనుకో." కుడి చేత్తో స్టీలు గిన్నె బోర్లించి చెంచాతో ఒక్కటి కొట్టింది.

గిన్నె ఖంగుమంది. ఆ నాదం సాగింది... సాగింది... సన్నబడింది... పిల్ల బొటనవేలు కదల్లేదు. కళ్లు మాత్రం ఎంతో శ్రద్ధగా గిన్నె మీదే ఉన్నాయి. నాదం పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు, ఆగిన మరు క్షణంలో, బొటనవేలు తల్లి అరచేతిలో దిగింది.

తల్లి మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే! మూడోసారి కొట్టింది. మళ్లీ అంతే!

"మోత ఉండగా నొక్కవేమే?" అని అరిచింది తల్లి.

పిల్ల విస్తుపోయింది. "మోతలో ఎలా నొక్కుతానమ్మా? మోత ఆగాకే కదా ఏదైనా?"

తల్లికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆ రెండిటినీ తోసుకుని కోపం వచ్చింది! రెండేళ్ల వయసు నుంచి ఆ పిల్లకి నూరిపోసిన మాట అదే కదా! మాటలు వచ్చీ రాకముందే, షెడ్డులో "తాతా" అని పిలవబోతే నోరు మూసి, వేలు చూపించి, "ఆగు... ఆగు... ఇప్పుడు మాట్లాడు" అని నేర్పారు కదా! అది ఆ పిల్ల ఒంట్లో రక్తంలా కలిసిపోయింది. ఎవరి చెవులూ చెడిపోలేదు. చెప్పిన మాట విన్నందుకే పిల్లకి ఈ ముద్ర పడింది!

ఆమె గిన్నె చేత్తో పట్టుకునే ముందుగదిలోకి వచ్చింది.

"ఏమండీ! పిల్ల చెవులు బంగారంలా ఉన్నాయి. ప్రతిసారీ మోత ఆగిన క్షణంలో నొక్కింది. వినపడకపోతే ఆగిందని దానికెలా తెలుస్తుందండీ? మీరే చెప్పండి!"

ఇంటాయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఆలోచన ఆయనకి నచ్చలేదు.

"ఈ వాదనలు డాక్టర్లకి చెప్పుకో."

"చెప్పుకుంటాను. మీరొచ్చి సంతకం పెట్టండి, చాలు."

"నేను రాను. నలుగురిలో నిలబడి, మా ఇంట్లో సుత్తి ఆగితే గానీ మాట్లాడం అని చెప్పనా? నవ్వరూ?"

"మీరు నవ్వులపాలు కాకూడదని దాని బతుకు కొట్లో కూలబడాలా?"

"చాల్లేవమ్మా!" అంది ఆడపడుచు, గ్లాసు నేల మీద పెట్టి. "అప్పుడు మా నాన్న చెయ్యి తీసేశావు. ఇప్పుడు నా తమ్ముడి పరువు తియ్యాలా? నీ నోరు లేచినప్పుడల్లా ఈ ఇంట్లో ఏదో ఒకటి తెగుతుంది!"

ఇన్నేళ్లూ ఆ మాటకి ఆమె తల దించుకునేది. ఆ రోజు దించలేదు. గిన్నె బల్ల మీద పెట్టింది. నేరుగా పెరట్లోకి నడిచింది. వెనకనుంచి మొగుడు "ఏయ్, ఎక్కడికి? పని జరుగుతోంది!" అన్నాడు. వినిపించుకోలేదు.

షెడ్డు గుమ్మంలో నిలబడింది. పదహారేళ్లుగా ఆమె నిలబడే చోటే అది. మజ్జిగ గ్లాసు పట్టుకుని, టీ గ్లాసు పట్టుకుని, ఎండలో, వానలో, మోత ఆగేదాకా అక్కడే నిలబడేది. లోపల పెద్దాయన వీపు కనిపిస్తోంది. మూడు వేళ్ల చేత్తో రేకు అదిమి పట్టుకుని, కుడి చేత్తో సుత్తి ఎత్తుతున్నాడు. ఠంగు... ఠంగు...

ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"మామయ్యా!!"

సుత్తి గాలిలో ఆగిపోయింది. పెద్దాయన మెల్లగా ఎడమ చెయ్యి దాగలి మీంచి తీసి గుండెకి ఆనించుకున్నాడు. అప్పుడు తిరిగాడు. ఆ ముఖంలో రంగు లేదు.

"మోత ఉండగానే పిలిచాను. కావాలనే పిలిచాను!" అంది ఆమె. "ఈ ఇంట్లో మోత ఎప్పుడూ ఆగదు మామయ్యా. ఆగేదాకా నిలబడి నిలబడి నా నోరు తుప్పు పట్టిపోయింది. ఇవాళ నా కూతుర్ని కూడా మింగేసింది మీ మోత! మోత ఆగాక నొక్కిందని దానికి చెవులు లేవన్నారు. ఏ రివెట్ వదులో చెప్పమని రోజూ మీరడిగే ఆ చెవులే! రేపు పన్నెండింటిలోగా ఎవరో ఒక మగవాడు వచ్చి సంతకం చెయ్యాలట. మీ అబ్బాయి రారు, నవ్వుతారట. మీ అమ్మాయి అంటోంది, నేను మీ చెయ్యి తీశానట. ఇన్నాళ్లూ పడ్డాను. ఎందుకు పడ్డానో తెలుసా? ఆ రోజు నేను టీకి పిలవలేదు మామయ్యా! గోడకి ఆరబెట్టిన రేకులు..."

అక్కడ ఆగిపోయింది. పిల్ల పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దాని వెనక ఇంటాయన, ఆయన వెనక ఆడపడుచు. పదహారేళ్లు పెదవి దాటని మాట, వినకూడని పిల్ల ముందే నోట్లోకి వచ్చేసింది... మింగడానికి ప్రయత్నించింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి గానీ మాట రాలేదు.

పెద్దాయన సుత్తి దాగలి మీద పెట్టాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఎందుకు పిలిచావో."

ఎక్కడో పైన విమానం పోతోంది. పైకప్పు రేకు సన్నగా గుయ్యిమంది. అది ఆగేదాకా కూడా ఆయన ఆగలేదు.

"వరద నీళ్లకి రేకులు బురదైనాయి. కడిగి గోడకి నిలబెట్టి తాడు కట్టాం. ఆ పొద్దున ఒక రేకు అవసరమై తాడు నేనే విప్పాను. మళ్లీ కట్టలేదు. ఈ పిల్ల పాక్కుంటూ పోయి రేకుల వెనక కూర్చుంది. రేకులు జారుతున్నాయి. నువ్వు పిలిచావు. నేను తలెత్తాను. అంతా చూశాను. నా చెయ్యి పోయింది. నువ్వు పరిగెత్తి పిల్లని లాగావు. రేకులు పడ్డాయి. అందరూ వచ్చేసరికి నా రక్తమే కనపడింది."

ఆయన జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కోడలు గుమ్మం పట్టుకుంది.

"మీకు తెలుసా..." అంది. "తెలిసీ... నోరు మూసుకున్నారా? నేనంటే పిల్ల కోసం మూసుకున్నాను మామయ్యా! తాత వేళ్లు తిన్న పిల్ల అని దీన్ని అంటారని, జీవితాంతం ఇది మీ చెయ్యి చూసి కుమిలిపోతుందని, ఆ నింద నేనే మోశాను! మీరు తెలివి తప్పారు, ఏమీ చూడలేదు, పాపం మీకు తెలియదు అనుకున్నాను. రోజూ పొద్దున మీ చొక్కా కుడిచేతి గుండీ ఎవరు పెడుతున్నారు? మీ ఎడమ చెయ్యి దానికి పనికిరాదని పదహారేళ్లుగా నేను పెడుతున్నాను! నా వేళ్లు మీ మణికట్టు మీద ఉన్నప్పుడైనా, ఒక్క పొద్దునైనా, 'నీ తప్పు లేదమ్మా' అనాలనిపించలేదా? అత్తయ్య చచ్చిపోయేటప్పుడు కూడా నన్ను శపిస్తూనే పోయింది! పక్కనే కూర్చున్నారే మీరు! ఆ ఒక్క మాట అంత బరువా!"

పెద్దాయన తన మూడు వేళ్ల చెయ్యి వంక చూసుకున్నాడు. తాడు కట్టనిది తనేనంటే, వీధిలో పెద్ద పనివాడన్న పేరు పోతుంది. మనవరాలి ప్రాణం మీదికి తెచ్చిన తాత అంటారు. ఒక రోజు ఆగుదామనుకున్నాడు. ఆ రోజు వారమైంది. వారం ఏడాదైంది. ఆ తర్వాత చెప్పడం కన్నా ఊరుకోవడమే సులువైంది. కోడలు ఎలాగూ నోరెత్తదు కదా! గోడ మీద వరద గీత మాత్రం ఉంచాడు. సున్నం వెయ్యకపోతే తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాడు కాబోలు. గోడకి తెలిస్తే కోడలికి ఏం ఒరిగింది?

పిల్ల నెమ్మదిగా షెడ్డులోకి వచ్చింది. తాత ఎడమ చెయ్యి వంక చూసింది. తల్లి వంక చూసింది. "నా వల్లా?" అంది చిన్న గొంతుతో.

"నీ వల్ల కాదు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. పిల్ల తల్లిని కరుచుకుని, పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చేసింది.

ఆడపడుచు ముందుగదిలోకి వెళ్లి, తన గ్లాసు తీసుకుని, కుళాయి దగ్గర కడిగి, బోర్లించి, వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఆమె గ్లాసు కడగడం అదే మొదలు.

ఆ సాయంత్రం పొద్దు ఇంకా ఉండగానే పెద్దాయన పిల్లని పిలిచి పెట్టె మీద కూర్చోబెట్టాడు. దాగలి ముందు నిలబడ్డాడు. "నేను కొడుతుంటాను. మోగుతుండగానే నువ్వు 'ఆ' అనాలి" అన్నాడు. కొట్టాడు. పిల్ల నోరు తెరుచుకుంది, మాట రాలేదు. మోత ఆగింది, "ఆ" అంది. "కాదు. మళ్లీ." కొట్టాడు. పిల్ల తాత చేతిని చూస్తూ బిగుసుకుపోయింది. "నా చెయ్యి చూడకు. కళ్లు మూసుకో." పదిసార్లు, ఇరవైసార్లు... ఎన్నోసారికో, సుత్తి దిగుతుండగా "ఆ!" అని పిల్ల గొంతు లేచింది. పెద్దాయన ఒళ్లు ఝల్లుమంది. సుత్తి పక్కకి జారి దాగలి అంచుకి తగిలింది. వేళ్లకి ఏమీ కాలేదు. చెమట తుడుచుకుని, "మళ్లీ" అన్నాడు. ప్రతి కేకకీ ఆయన భుజం అదురుతూనే ఉంది. అయినా చీకటి పడేదాకా ఆపలేదు. కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. మజ్జిగ మాత్రం తేలేదు.

మరునాడు పొద్దున పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. గుండీ పెట్టని కుడిచేతి అంచు వేలాడుతోంది. రోజూలా కోడలి ముందు చెయ్యి చాపలేదు. చాపే ముఖం లేదు. ఆమె చూసింది. చూసి ఊరుకుంది.

ఇంటాయన పిల్ల బూట్లు రెండూ అద్దాల్లా తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడు. రాత్రంతా నిద్రపోనట్టుంది ముఖం. "నేను కూడా రానా?" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"కొట్టు చూసుకోండి" అంది భార్య. "మూడింటికి మీ అక్కగారొస్తారు. టీ మీరే పెట్టండి."

ఆసుపత్రిలో చెవుల గది ముందు పొడవాటి బల్ల ఉంది. దాని మీద ముగ్గురూ కూర్చున్నారు. మళ్లీ పరీక్ష చెయ్యడానికి డాక్టరు ముందు ఒప్పుకోలేదు. "పరీక్ష పరీక్షేనమ్మా. నాకు బయట ఇంకా పదిమంది ఉన్నారు."

తల్లి లేచి నిలబడింది. "నిన్నటి కాగితం తియ్యండి డాక్టరుగారూ. మా పిల్ల శబ్దం ఉండగా ఒక్కసారీ నొక్కలేదని ఉంటుంది. శబ్దం ఆగినప్పుడల్లా నొక్కిందని ఉంటుంది. వినపడని పిల్లకి ఆగిందని ఎలా తెలిసిందండీ? ఒక్కసారైతే పొరపాటు అనుకోవచ్చు. అన్నిసార్లూ పొరపాటేనా? ఆ కాగితం చూసినవాళ్లు ఒక్కరైనా ఆగి ఆలోచించలేదా? మీ ముద్ర మీకు క్షణం పని. మా పిల్లకి జీవితం!"

డాక్టరు కాగితం తీసి చూశాడు. పరీక్ష చేసినావిడని పిలిచాడు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, "అవునండీ... ప్రతిసారీ ఆగిన వెంటనే నొక్కింది. నాకు విసుగొచ్చి తిక్కగా చేస్తోందనుకున్నాను" అంది. డాక్టరు ఆవిడ వంక ఒక చూపు చూసి, "లోపల కూర్చోబెట్టండి" అన్నాడు.

గదికి చిన్న అద్దం కిటికీ ఉంది. పిల్ల చెవులకి గుబ్బలు పెట్టారు. చేతికి మీట ఇచ్చారు. పిల్ల కళ్లు మూసుకుంది. తల్లి కిటికీ ఇవతల నిలబడింది. మొదటి శబ్దానికి... ఎర్ర దీపం వెలిగింది! వెంటనే! రెండో దానికి... వెంటనే! మీటలు తిప్పుతున్న ఆవిడ శబ్దం తగ్గిస్తోంది, ఇంకా తగ్గిస్తోంది. దీపం వెలుగుతూనే ఉంది. చివరికి ఆవిడ డాక్టరు వైపు తిరిగి, "ఇంతకన్నా తగ్గిస్తే నాకే వినపడదండీ" అంది.

తల్లి అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది. పెద్దాయన బల్ల మీద అలాగే కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. దాచుకోలేదు.

అయినా పని పూర్తి కాలేదు. పాత కాగితం రద్దు కావాలంటే మొదటి పరీక్ష ఎందుకు తప్పిందో ఇంటి పెద్ద కారణం రాసి సంతకం చెయ్యాలి. అప్పుడు గానీ కాలేజీ సీటు ఖాయం చెయ్యదు. పదకొండు దాటింది. గుమస్తా కాగితం, పెన్ను ముందుకు తోశాడు. "రాయడం వచ్చా తాతగారూ? లేకపోతే నేను రాస్తాను, వేలిముద్ర వేద్దురు గాని."

"వచ్చు" అన్నాడు పెద్దాయన.

ఎప్పుడో మూడేళ్లు బడికి పోయిన చెయ్యి. పెట్టెల మీద పేర్లు రాయడమే గాని కాగితం మీద వాక్యం రాసి ఎన్నేళ్లయిందో! వంగి, ఒక్కో అక్షరం రేకు మీద గీసినట్టు నొక్కి రాయడం మొదలుపెట్టాడు. గుండీ పెట్టని చొక్కా చెయ్యి వేలాడుతూ తడి సిరా మీద పడింది. మళ్లీ వెనక్కి తోసుకున్నాడు. మళ్లీ పడింది.

కోడలు కొంతసేపు చూసింది. తర్వాత దగ్గరికొచ్చి, "చెయ్యి ఇటివ్వండి మామయ్యా, రాసినదంతా చెరిగిపోతోంది" అంది. గుండీ పెట్టింది. ఆయన తలెత్తలేదు. కంటి నుంచి ఒక చుక్క కాగితం పక్కన పడింది. మణికట్టుతో తుడిచి మళ్లీ రాయసాగాడు.

రాసి తిప్పి గుమస్తాకి ఇచ్చాడు. అతను పైకి చదివాడు.

"మా పిల్ల చెవులు మంచివి. మోత ఆగాకే మాట్లాడాలని నేర్పింది నేను. తప్పు నాది."

"సరిపోయింది. మరి కింద ఇదేంటి?" అని అతను మళ్లీ చదివాడు. "వరద ఏడాది నా వేళ్లు పోయింది కోడలి వల్ల కాదు. తాడు కట్టనిది నేను. ఆమె పిలిచింది పిల్లని కాపాడడానికి. ఇన్నేళ్లూ చెప్పనిది నేను." గుమస్తా బుర్ర గోక్కున్నాడు. "ఇది కాలేజీకి పోయే కాగితం తాతగారూ. ఈ రెండోది ఇక్కడ అక్కర్లేదు. కొట్టెయ్యనా?"

"వద్దు" అన్నాడు పెద్దాయన. "ముద్ర పడే కాగితం నాకు ఇదొక్కటే దొరికింది. ఉండనియ్యి."

గుమస్తా ముగ్గురి ముఖాలూ చూశాడు. కింద సంతకం పెట్టించుకుని, మూడు నకళ్లు వరసగా పరిచి, ముద్ర సిరాలో అద్ది, బల్ల అదిరేలా కొట్టడం మొదలుపెట్టాడు. ధన్... ధన్...

మూడోది ఇంకా పడనేలేదు, ఆ మోతలోనే, కోడలి వైపు తిరిగిన పెద్దాయన గొంతు గది అంతా వినపడేలా లేచింది.

"పద తల్లీ. ఇంటికి పోదాం."